నాయనమ్మ పెట్టిన పేరు

సాయంత్రం నాలుగు దాటింది. పుస్తకాల షాపు పై అంతస్తులో మడత కుర్చీలు ఒక్కొక్కటీ విప్పుతున్నారు. మొత్తం ఎనభై. నలభై మంది వస్తే గొప్పే అని చిట్టి లోపల అనుకుంటోంది గానీ, పైకి మాత్రం "సరిపోతాయంటారా?" అని అడిగింది. మొదటి నవల అచ్చయిన మనిషికి ఆ మాత్రం పొగరు లేకపోతే ఎలా?

"చాలకపోతే నిలబడి చూస్తారులెండి," అంది పబ్లిషర్ మేడమ్. ఆవిడ తల మీద ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఇంకోటి, చేతిలో రెండు ఫోన్లు. పదిహేను రోజులుగా ఆవిడ ఒంటికాలి మీద నిలబడి ఈ పుస్తకాన్ని ఊరి నెత్తిన ఎక్కిస్తోంది.

కిటికీలకి నల్లగుడ్డ కడుతున్నారు. బయట వాన మొదలైంది. అట్టపెట్టె కోసినప్పుడు వచ్చిన కొత్త కాగితం వాసనకి చిట్టి కడుపు నిండిపోయింది. ఒక కాపీ తీసి, ముందు తిప్పి, వెనక తిప్పి, మళ్ళీ ముందు తిప్పింది. ముందు వైపు పేరు, వెనక వైపు తన ఫొటో. కొత్త బూట్లు కరుస్తుంటే ఎడమ మడమ దగ్గర దూది కుక్కుకుంది. ఆ దూది ల్యాబ్‌లోదే.

చిట్టికి ముప్ఫై అయిదేళ్ళు. రక్తపరీక్షల ల్యాబ్‌లో పదకొండేళ్ళ సర్వీసు. సూది గుచ్చడం, గొట్టంలోకి రక్తం తీయడం, దాని మీద పేరున్న చీటీ అంటించడం. అక్కడ ఒక నియమం ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషిని "మీరు ఫలానా కదా?" అని అడగకూడదు. కంగారులో ఉన్నవాళ్ళు దేనికైనా తలూపేస్తారు. "మీ పేరు చెప్పండి" అనాలి. పేరు వాళ్ళ నోటి నుంచే రావాలి. ఒకరి రక్తానికి ఇంకొకరి పేరు అంటుకుంటే, ఏ పాపమూ తెలియని మనిషి ఎవరి రోగానికో మందు మింగాల్సి వస్తుంది. చిట్టి ఈ పదకొండేళ్ళలో ఒక్క చీటీ కూడా తప్పు అంటించలేదు. ఇంట్లో ఉప్పుడబ్బా మీద కూడా చీటీ అంటించే మనిషి మరి.

చిట్టి అన్నది ఇంట్లో పేరు. ల్యాబ్‌లో ఇంకో పేరు ఉంది, బళ్ళో చేర్చినప్పుడు రాయించింది. పుస్తకం అట్ట మీద ఆ రెండూ లేవు. అక్కడున్నది పుట్టినప్పుడు నాయనమ్మ పెట్టిన పేరు. ఆ పేరేమిటో నేను మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో మీకే తెలుస్తుంది.

నిజం చెప్పాలంటే ఈ కథ చిట్టిది కాదు, అక్కది. చిన్నప్పుడు నాలుగు కుటుంబాలుండే ఒక పాత మేడలో వీళ్ళది పైవాటా. అమ్మ బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టులు, నాన్న లారీ మీద. చిట్టికి ఆరేళ్ళు, అక్కకి పదేళ్ళు. పొద్దస్తమానం చిట్టికి తల్లీ తండ్రీ అక్కే. జడ వేస్తూ కథలు చెప్పేది. ఆ కథల్లో ఒకటి మెట్ల మలుపులో ఉన్న పొట్టి తలుపు గురించి. దానికి ఎప్పుడూ తాళమే. లోపల ఒకత్తె ఉందట. ఎవరైనా మెట్లెక్కుతుంటే తలుపు కింది సందులోంచి "ఎవరది?" అని అడుగుతుందట. పేరు చెప్పారా, ఆ పేరూ ఆ ముఖమూ తొడుక్కుని అది బయటికి వచ్చేస్తుంది. పేరుగల మనిషి లోపల ఉండిపోతుంది.

"నన్నూ అడిగిందే. నేను చెప్పలేదు," అని అక్క ముగించేది. ఆ ఒక్క ముక్కనీ ప్రతిసారీ తొందర తొందరగా చెప్పి, జడ గట్టిగా లాగి రిబ్బను కట్టేసేది.

ఆ కథకే చిట్టి కొమ్మలూ రెమ్మలూ వేసి నాలుగేళ్ళు కూర్చుని నవల చేసింది. రాస్తున్నానని చెప్పినప్పుడు అక్క, "రాసుకో. కానీ బడి పేరే వెయ్యి. నాకు మాటివ్వు," అంది. చిట్టి మాటిచ్చింది. తర్వాత అచ్చుకి వెళ్ళే ముందు రోజు మేడమ్‌కి ఫోన్ చేసి పేరు మార్పించింది. నాయనమ్మ పోయాక ఆ పేరుతో పిలిచే నోరే లేకుండా పోయింది. దాన్ని వెయ్యి అట్టల మీద చూసుకోవాలని ఆశ. పైగా అక్కని ఆశ్చర్యపరచాలని ఒక సరదా. లోపలి పేజీలో అంకితం కూడా ఆవిడకే: "భయపడటం నేర్పి, భయపడ్డప్పుడల్లా చెయ్యి పట్టుకున్న అక్కకు."

అక్క వేరే ఊళ్ళో హాస్టల్ వార్డెన్. చేతిలో పాత బటన్ల ఫోను, అందుకే ఈ పదిహేను రోజుల హడావిడీ ఆవిడ కంట పడలేదు. ఎనిమిదేళ్ళ కూతురు ఉంది. ఆ పిల్లకి పేరు వెతికి పెట్టింది చిట్టే. పుట్టిన రోజున తీసిన ఫొటో వెనక, అలవాటు కొద్దీ, పేరు కూడా తనే రాసి అక్క పర్సులో పెట్టింది. తర్వాత ఏటేటా కొత్త ఫొటో, వెనక అదే పేరు. అయితే అక్క ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. ఎప్పుడూ "బుజ్జి"యే. "మనింట్లో పేర్లన్నీ పెట్టెలో పెట్టి తాళం వేస్తారు కదక్కా," అని చిట్టి వేళాకోళం చేసేది. అక్క నవ్వేది కాదు.

ఇక మేడమ్ ప్రచారం సంగతి. స్తంభాల మీద పోస్టర్లు, పోస్టర్ల మీద చిట్టి ముఖం, ముఖం కింద ఆ పేరు. అది చాలదని ఒక పోటీ పెట్టింది. చీకటి గదిలో రచయిత్రి పేరు మూడుసార్లు పిలిచి వీడియో తీసి పెట్టాలి, బాగున్నవాళ్ళకి పుస్తకం ఉచితం. రెండొందల మంది పెట్టారు. ఒక వీడియోలో, మూడోసారి పిలిచాక, ఎక్కడినుంచో ఒక గొంతు నెమ్మదిగా "ఎవరది?" అంది.

"భలే కలిపారండీ!" అని మేడమ్ కింద రాసింది.

"నేనేం కలపలేదు. ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను," అని అతను జవాబిచ్చాడు. మేడమ్ సంబరంగా దాన్ని కూడా ఊరంతా పంచింది. చిట్టికి ఒళ్ళు జలదరించింది. కానీ చూసినవాళ్ళ లెక్క గంటగంటకీ పెరుగుతుంటే ఆ జలదరింపు కూడా తియ్యగానే ఉంది.

ఇవాళ్టి ఆవిష్కరణకి మేడమ్ అసలైన బాణం దాచిపెట్టింది. షాపు మెట్ల మలుపులో ఒక చిన్న గది ఉంది, అమ్ముడుపోని పుస్తకాలు పడేసే గది. చిట్టి అందులో దాక్కోవాలి. అయిదున్నరకి లైట్లు ఆర్పేస్తారు. జనమంతా కలిసి ఆ పేరు మూడుసార్లు పిలుస్తారు. మూడో పిలుపుకి "వచ్చాను" అంటూ చిట్టి చీకట్లో మెట్లెక్కి రావాలి.

"నవల్లో లాగే మెట్ల మలుపు! ఈ షాపు ఎందుకు ఎంచుకున్నాననుకున్నారు?" అంది మేడమ్.

అయిదుంబావుకి కుర్చీలు నిండిపోయాయి. చిట్టి చదవాల్సిన కాగితం పిడికిట్లో పట్టుకుని మెట్లు దిగుతుంటే, కింద గుమ్మం దగ్గర అక్క కనబడింది. మూసిన గొడుగులోంచి నీళ్ళు కారి ఆవిడ చెప్పుల చుట్టూ మడుగు కట్టాయి. గోడ మీద పోస్టరుకేసి చూస్తోంది.

"అక్కా! ఎలా ఉంది?"

అక్క తిరిగింది. ముఖాన నెత్తుటి చుక్క లేదు. గబగబా మెట్లెక్కి, చిట్టి రెక్క పట్టుకుని, తెరిచి ఉన్న ఆ చిన్నగదిలోకి లాగి తలుపు వేసింది. గదిలో చిన్న బల్బు. నేల నుంచి భుజాల దాకా పుస్తకాల కట్టలు.

"ఎవరు వెయ్యమన్నారే ఆ పేరు?"

"నేనే. నువ్వు సంతోషిస్తావని..."

"ఫొటో కూడానా? పేరూ ఫొటో ఒకేచోటా?"

"పుస్తకమంటే వెయ్యరా మరి? ఏమైందక్కా నీకు? కూర్చో ముందు."

అక్క కూర్చోలేదు. గొంతు బాగా తగ్గించింది. "ఆ రోజు అది నన్ను అడిగింది. నేను పేరు చెప్పలేదని కదూ నీకు చెప్పాను?"

"అవును."

"చెప్పానే."

చిట్టి నవ్వబోయింది. అక్క కళ్ళు చూసి ఆగిపోయింది.

"నీ పేరు చెప్పాను."

పైన ఎవరో మైకు మీద టకటకా కొట్టి చూస్తున్నారు. చిట్టికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అదే ఏడు బళ్ళో చేర్చడానికి వెళ్ళినప్పుడు, నాన్న నోరు తెరిచేలోపే అక్క గుమస్తాకి వేరే పేరు చెప్పేసింది. నాన్న తిట్టి, సర్లెమ్మని ఊరుకున్నాడు. ఇంటికొచ్చి అందరిచేతా "చిట్టి" అనే పిలిపించింది. నాయనమ్మ అసలు పేరు పెట్టి పిలిస్తే ముసల్దానితో పోట్లాడేది.

"అయితే నువ్వు నన్ను చిట్టీ అని పిలిచింది ముద్దుకి కాదన్నమాట."

"ముద్దుకీనే... పేరు దొరికింది గానీ దానికి మనిషి దొరక్కూడదని. ఆ పేరుకి నువ్వు పలక్కుండా ఉంటే చాలని. పదేళ్ళ పిల్లనే అప్పుడు! భయమేసింది. భయమేస్తే నోటికి దగ్గరగా ఉన్న పేరే వచ్చేస్తుంది. పొద్దున్న లేస్తే నిన్నే కదా పిలిచేదాన్ని."

పదేళ్ళ పిల్లని చిట్టి అక్కడికక్కడే క్షమించేసి ఉండేది. ఎదురుగా ఉన్నది పదేళ్ళ పిల్ల కాదు. తన పక్కలో పడుకుని, తన జ్వరాలకి కాపలా కాసి, ఇరవై తొమ్మిదేళ్ళు ఈ ఒక్క మాటా మింగేసిన మనిషి. తన చీటీని ఇంకొకరి గొట్టానికి అంటించి, ఆ సంగతి తనకే చెప్పని మనిషి.

"ఒక్కసారి చెప్పి ఉంటే నేను ఆ పేరు వేసేదాన్నా అక్కా?"

"చెబితే నన్ను చూసే చూపు మారిపోతుందని..."

టప్పుమని బల్బు ఆరిపోయింది. పైన జనం సరదాగా "హో" అన్నారు. మైకులో మేడమ్ గొంతు గుసగుసగా వినిపించింది. "అందరూ సిద్ధమేనా? ఆవిడ దగ్గర్లోనే ఉంది. పిలవండి."

అక్క చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి చిట్టి చేతిని పట్టుకుంది. చెమటతో తడిసిన చెయ్యి.

"పలక్కు," అంది అక్క. "ఏమైనా సరే, పలక్కు."

ఎనభై గొంతులు ఒక్కసారిగా ఆ పేరు పిలిచాయి.

మెట్ల గోడల్లో ఆ శబ్దం దిగుతూ వచ్చి ఆగింది.

రెండోసారి పిలిచాయి. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

మూడోసారి...

చిట్టి పళ్ళ మధ్య పెదవి నొక్కిపట్టింది. పలకలేదు. పైన నిశ్శబ్దం. వాన చప్పుడు కూడా ఎటో పోయింది. అప్పుడు మొదలైంది వాసన. కొత్త కాగితం వాసన కాదు. తడిసిన సున్నం వాసన... చిన్నప్పుడు మెట్ల మలుపులో పొట్టి తలుపు దగ్గర వచ్చే వాసన. అది తలుపు కింది సందులోంచి లోపలికి వస్తోంది.

తలుపు అవతల ఎవరో కిందికి వంగారు. మోకాళ్ళు నేలకి ఆనిన చప్పుడు.

"ఎవరది?"

పక్కింటావిడ అడిగినట్టే, ఎంతో మర్యాదగా.

చిట్టి అక్క చెవికి నోరు ఆనించింది. "నీ పేరు చెప్పు. ఆ రోజు తప్పు చెప్పానని చెప్పు. నీ నోటితోనే చెప్పాలి. ఇద్దరం ఉన్నాం కదక్కా... చెయ్యి వదలను."

అక్క ఊపిరి పీల్చింది. చిట్టి చేతిని గట్టిగా నొక్కింది. ఆ ఒక్క క్షణం చిట్టి నమ్మింది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నమ్మినట్టే నమ్మింది.

"ఎవరది?" అని మళ్ళీ అడిగింది అవతల గొంతు.

అక్క చెప్పింది. మూడక్షరాలూ విడివిడిగా, స్పష్టంగా. ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి, నాయనమ్మ పెట్టిన ఆ పేరు అక్క నోట విన్నది చిట్టి.

"ఇక్కడే ఉందండీ," అంది అక్క.

చెయ్యి వదిలేసింది. అదే అరచెయ్యి చిట్టి వీపు మీద ఆని, గుమ్మం నుంచి పుస్తకాల కట్టల మీదికి నెట్టింది. తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

చిట్టి లేచేసరికి పైన చప్పట్లు మోగుతున్నాయి.

"వచ్చాను," అంది మైకులో ఒక గొంతు.

అది చిట్టి గొంతే.

చిట్టి తలుపు మీద పడింది. పిడికిళ్ళతో కొట్టింది. చేతులకి తలుపు తగులుతోంది గానీ చప్పుడు రావడం లేదు. అరిచింది. గొంతు నొప్పి పెట్టింది, అంతే. పైన ఆ గొంతు చిట్టి రాసుకున్న మాటలు ఒక్క అక్షరం పోకుండా చదువుతోంది. ఇందాకే పెన్సిల్‌తో అంచున ఇరికించిన హాస్యం కూడా. జనం విరగబడి నవ్వారు. కాగితం మాత్రం చిట్టి పిడికిట్లోనే ఉంది.

సందు మీద వెలుగు గీత పడింది. చిట్టి నేల మీద పడుకుని కన్ను ఆనించింది. మెట్లు, మెట్ల మీద కాళ్ళు కనబడ్డాయి. చాలాసేపటికి జనం దిగడం మొదలుపెట్టారు. "సంతకం ఎంత బాగుందో!" అంటున్నారు. "ఎంత కలివిడిగా మాట్లాడిందో!" అంటున్నారు. మేడమ్ కాళ్ళు పరుగున దిగి, పరుగున ఎక్కాయి. ఎవ్వరూ ఈ తలుపు దగ్గర ఆగలేదు.

అందరూ వెళ్ళిపోయాక రెండు జతల కాళ్ళు నెమ్మదిగా దిగాయి. ఒకటి అక్క చెప్పులు. రెండోది కొత్త బూట్లు. ఎడమ మడమ దగ్గర తెల్లగా దూది.

చిట్టి తన కాళ్ళు తడుముకుందామనుకుంది. ధైర్యం చాలలేదు.

"జాగ్రత్త చిట్టీ," అంది అక్క. గొంతు వణుకుతోంది. అయినా అలాగే అంది. "మెట్లు తడిగా ఉన్నాయి."

అంతకు మించిన దెబ్బ ఇంకోటి లేదు. తెలిసే పిలుస్తోంది. తెలిసే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తోంది.

"ఇంకా ఆ పేరెందుకక్కా?" అంది పక్కనున్నది, నవ్వుతూ. "నా పేరుతో పిలువు."

చిట్టి ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుంది. 'అక్కా' అని అరవాలి. ఒక్కసారి ఆవిడ ఇటు చూస్తే చాలు. నోరు సందుకి ఆనించి అరిచింది.

"ఎవరది?"

బయటికి వచ్చింది ఆ మాటే. పక్కింటావిడ అడిగినట్టే, ఎంతో మర్యాదగా.

అక్క చెప్పులు టక్కున ఆగాయి. వేళ్ళు ముడుచుకున్నాయి. ఒక ఊపిరి పీల్చిన చప్పుడు... ఆ వెంటనే, ఆలోచన లేకుండా, అక్క నోటి నుంచి ఒక పేరు వచ్చేసింది.

తనది కాదు. ఎనిమిదేళ్ళుగా ఒక్కసారి కూడా పలకని పేరు.

అక్క రెండు చేతులతో నోరు మూసుకున్నట్టుంది. పర్సు మెట్టు మీద పడి, గవ్వలు చిమ్మినట్టు చిల్లర దొర్లింది.

"వద్దు," అని మూలిగింది అక్క. "వద్దు, వద్దు... నేను అనలేదు..."

బూట్లు వెనక్కి తిరిగాయి. మోకాళ్ళు నేలకి ఆనాయి. పర్సులోంచి ఏదో బయటికి తీస్తున్న చప్పుడు. తర్వాత సందులోంచి ఒక చిన్న కాగితం ముక్క లోపలికి జారింది. ఎవరి చెయ్యి దాన్ని నెట్టిందో చిట్టికి కనబడలేదు.

తడిమి చూసింది. ముందు వైపు నున్నగా ఉంది, ఫొటో. వెనక వైపు పెన్ను గట్టిగా నొక్కి రాసిన అక్షరాలు వేళ్ళకి తగిలాయి.

అవి చదవకూడదని చిట్టి కళ్ళు గట్టిగా మూసుకుంది. కానీ ఆ పేరు పెట్టింది తనే. రాసిందీ తనే.